ఎండ్యూరెన్స్ కార్ల పందేల్లో ఫ్యాక్టరీ జట్లు: డ్రైవర్ల ఎంపిక

కార్ల తయారీ సంస్థ తన పేరుతో, తన డబ్బుతో, తన ఇంజనీర్లు రూపొందించిన కారుతో పోటీకి దింపే జట్టును ఫ్యాక్టరీ జట్టు అంటారు. 6 గంటల నుంచి 24 గంటల దాకా సాగే ఎండ్యూరెన్స్ పందేల్లో ఒక్కో కారును ఇద్దరు లేదా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. అందుకే ఇక్కడ ఎంపిక ఒక్క డ్రైవరుతో పూర్తికాదు. ఒకే సీటును, ఒకే స్టీరింగును, ఒకే ఫలితాన్ని పంచుకోగలిగిన ముగ్గురిని వెతకాలి. అందరికంటే వేగంగా నడిపేది ఎవరు అన్నది ఈ వెతుకులాటలో మొదటి ప్రశ్న మాత్రమే. తన వంతు ముగిశాక కారును ఏ స్థితిలో తర్వాతివాళ్ల చేతికి అప్పగిస్తారు అన్నది అసలు ప్రశ్న.

ఈ రంగానికి గుండెకాయ ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెం. 1923లో మొదలైన ఈ పందెం ఇప్పుడు 13.626 కిలోమీటర్ల ట్రాకు మీద జరుగుతోంది. ఈ ట్రాకులో కొంత భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. 2012 నుంచి జరుగుతున్న ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ (డబ్ల్యూఈసీ)లో ఇదే ప్రధాన పందెం.

ఫ్యాక్టరీ డ్రైవరు అంటే ఎవరు

ప్రైవేటు జట్లలో చాలామంది డ్రైవర్లు తమ సీటుకు తామే డబ్బు తెచ్చుకోవాలి, లేదా స్పాన్సరును వెంటబెట్టుకు రావాలి. ఫ్యాక్టరీ డ్రైవరుకు సంస్థే జీతమిస్తుంది. బదులుగా ఏడాది పొడవునా పని చేయించుకుంటుంది. పందేలు నడపడం అందులో ఒక భాగం మాత్రమే. కొత్త కారును వేల కిలోమీటర్లు పరీక్షించడం, సిమ్యులేటర్‌లో గంటల తరబడి కూర్చోవడం, సంస్థ కార్లు కొనుక్కుని పందేలాడే ప్రైవేటు జట్లకు సాయంగా వెళ్లడం కూడా ఉద్యోగంలో భాగమే.

పేరు సంస్థదే అయినా, జట్టును నడిపే చేతులు చాలాసార్లు వేరే ఉంటాయి. ఆడి సంస్థకు జర్మనీలోని జోయెస్ట్ జట్టు ఏళ్ల తరబడి పందేలు నడిపించింది. 2023లో పోర్షె అమెరికాకు చెందిన పెన్‌స్కీతో, ఫెరారీ ఇటలీకి చెందిన ఏఎఫ్ కోర్సెతో కలిసి అగ్రశ్రేణి తరగతిలోకి తిరిగొచ్చాయి. టయోటా జట్టు జర్మనీలోని కొలోన్ నగరం కేంద్రంగా పనిచేస్తుంది. కాబట్టి డ్రైవరు ఎంపికలో సంస్థ క్రీడా విభాగం అధిపతి, జట్టు మేనేజరు, రేస్ ఇంజనీర్లు అందరి మాటా ఉంటుంది. పట్టికలోని అంకెల కంటే, ఆ మనిషితో రాత్రంతా రేడియోలో మాట్లాడాల్సిన ఇంజనీరు అభిప్రాయానికి ఒక్కోసారి ఎక్కువ బరువుంటుంది.

ఒక్కరి పంతం నుంచి ముగ్గురి జట్టు దాకా

తొలి దశాబ్దాల్లో కారుకు ఇద్దరే ఉండేవారు. ఎవరు ఎంతసేపు నడపాలన్నది వాళ్ల ఇష్టం. 1950 లె మాన్స్‌లో ఫ్రెంచి డ్రైవరు లూయీ రోజియె తన కొడుకుకు రెండే రెండు ల్యాపులు ఇచ్చి, మిగిలిన పందెమంతా తానే నడిపి గెలిచారు. అదే ఏడాది ఎడ్డీ హాల్ బెంట్లీ కారును 24 గంటలూ ఒక్కరే నడిపి ఎనిమిదో స్థానంలో నిలిచారు.

1952లో పియెర్ లెవెగ్ అదే సాహసానికి దిగారు. సహ డ్రైవరు పిట్‌లో సిద్ధంగా ఉన్నా స్టీరింగు వదల్లేదు. అందరికంటే ల్యాపుల కొద్దీ ముందున్నారు. 23వ గంటలో ఆయన టాల్బో ఇంజను దెబ్బతిని కారు ఆగిపోయింది. వెనక వస్తున్న మెర్సిడెస్‌కు గెలుపు దక్కింది. అలసిన చేతులు గేరు తప్పించాయా, ఇంజనులోనే లోపముందా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. కానీ మనిషి ఓపికకు హద్దుంటుందన్న సంగతి ఆ మధ్యాహ్నం అందరికీ తెలిసొచ్చింది. తర్వాతి కాలంలో నిర్వాహకులు డ్రైవింగు వేళలపై పరిమితులు పెట్టారు. 1980ల నుంచి ముగ్గురు డ్రైవర్ల పద్ధతి స్థిరపడింది.

ఇప్పటి లె మాన్స్ నిబంధనల ప్రకారం ఏ డ్రైవరైనా 6 గంటల వ్యవధిలో 4 గంటలకు మించి నడపకూడదు. మొత్తం పందెంలో 14 గంటలు దాటకూడదు. ఈ రెండు అంకెలే జట్టు కూర్పును శాసిస్తాయి. ఇద్దరు గొప్పవాళ్లు, ఒక సాధారణ డ్రైవరు ఉన్న జట్టు ఆ మూడోవాడిని దాచిపెట్టలేదు. అతని వంతు వచ్చి తీరుతుంది, తరచూ నడిరాత్రి, తడి ట్రాకు మీద.

డ్రైవర్ల శ్రేణులు

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్ఐఏ) డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు శ్రేణులుగా విభజిస్తుంది. వృత్తి డ్రైవర్లు పై రెండు శ్రేణుల్లో, వేరే వృత్తిలో ఉంటూ అభిమానంతో పందేలాడేవాళ్లు బ్రాంజ్‌లో ఉంటారు. తయారీ సంస్థలు నేరుగా తలపడే హైపర్‌కార్ తరగతిలో బ్రాంజ్ డ్రైవర్లకు చోటు లేదు. రోడ్డు కార్ల ఆధారంగా తయారైన జీటీ కార్లు పోటీపడే ఎల్ఎంజీటీ3 తరగతిలో మాత్రం కారుకు ఒక బ్రాంజ్ డ్రైవరు తప్పనిసరి.

ఈ రెండో తరగతి ఫ్యాక్టరీ డ్రైవరుకు మరో రకమైన పరీక్ష. తన వేగాన్ని చూపించడంతో పాటు పక్కనున్న అభిమాన డ్రైవరును మెరుగుపరచాలి. 2024 లె మాన్స్‌లో ఈ తరగతి గెలిచిన మాంటె జట్టు పోర్షెలో ఫ్యాక్టరీ డ్రైవరు రిచర్డ్ లీట్స్, యువకుడు మోరిస్ స్కూరింగ్, బ్రాంజ్ డ్రైవరు యాసర్ షాహిన్ ఉన్నారు. ఇలాంటి చోట ఓర్పుగా నేర్పించగలిగిన వాళ్ల మీద సంస్థల కన్ను పడుతుంది.

డ్రైవర్లు వచ్చే దారులు

సొంత ఇల్లు: చాలా సంస్థలు మొదట తమ జీటీ కార్లు నడిపేవారి వైపే చూస్తాయి. ఫెరారీ 50 ఏళ్ల తర్వాత 2023లో అగ్రశ్రేణికి తిరిగొచ్చినప్పుడు రెండు 499పీ కార్లలో ఆరుగురిని కూర్చోబెట్టింది. అలెస్సాండ్రో పియెర్ గైడి, జేమ్స్ కలాడో, ఆంటోనియో ఫుయోకో, మిగెల్ మొలీనా, నిక్లస్ నీల్సన్ అప్పటికే ఫెరారీ జీటీ కార్లలో చెయ్యి తిరిగినవాళ్లు. ఆరో మనిషి ఆంటోనియో జొవినాట్సి ఫార్ములా 1 నుంచి వచ్చారు. ఆ ఏడాదే పియెర్ గైడి, కలాడో, జొవినాట్సి లె మాన్స్ గెలిచారు. మరుసటి ఏడాది మిగిలిన ముగ్గురు గెలిచారు. పేరున్నవాళ్ల కోసం బయట వెతక్కుండా ఎక్కువగా ఇంటివాళ్లనే నమ్మినందుకు దక్కిన ఫలమది.

నిచ్చెన పద్ధతి: పోర్షె తన ఒకే రకం కార్ల పోటీలనే బడిగా వాడుకుంటుంది. న్యూజిలాండ్‌కు చెందిన ఎర్ల్ బాంబర్ ఆసియా కరేరా కప్‌లో మెరిసి, 2014లో సూపర్‌కప్ గెలిచి, మరుసటి ఏడాది లె మాన్స్ విజేత అయ్యారు. అందరివీ ఒకే రకం కార్లు కావడంతో అక్కడ మనిషి పనితనం స్పష్టంగా బయటపడుతుంది.

గురువు పక్కన శిష్యులు: 1990లో మెర్సిడెస్ క్రీడా విభాగాన్ని నడిపిన యోఖెన్ నీర్‌పాష్ ముగ్గురు కుర్రాళ్లను ఎంచుకుని, అనుభవజ్ఞుడైన యోఖెన్ మాస్ పక్కన వంతులవారీగా కూర్చోబెట్టారు. ఆ ముగ్గురు మైఖేల్ షూమాకర్, కార్ల్ వెండ్లింగర్, హైన్జ్-హారల్డ్ ఫ్రెంట్జెన్. తర్వాత ముగ్గురూ ఫార్ములా 1కు వెళ్లారు. ఇంధనం పొదుపు, టైర్ల సంరక్షణ, ఇంజనీరుతో మాట్లాడే తీరు వాళ్లు నేర్చుకున్నది ఆ పెద్దాయన పక్కనే.

దూరదేశాలు: ఆడికి 2011, 2012, 2014లో లె మాన్స్ గెలిచిపెట్టిన ముగ్గురిలో ఆండ్రే లాటరర్, బెన్వా ట్రెలుయే జపాన్ పోటీల్లో రాటుదేలినవాళ్లు. యూరప్‌లో పెద్దగా పేరు లేకపోయినా, జపాన్‌లోని సూపర్ జీటీ పందేల్లో ఒకే కారును ఇద్దరు పంచుకోవడం వాళ్లకు అప్పటికే అలవాటు. టయోటాకు ర్యో హిరకవా దొరికిందీ ఆ పోటీల్లోనే.

ఆట నుంచి ట్రాకుకు: 2008లో నిస్సాన్, గ్రాన్ టురిస్మో వీడియో గేమ్‌తో కలిసి జీటీ అకాడమీ మొదలుపెట్టింది. 2011 విజేత యాన్ మార్డెన్‌బరో 2015లో అప్పటి అగ్రశ్రేణి తరగతి ఎల్ఎంపీ1లో నిస్సాన్ ఫ్యాక్టరీ కారుతో లె మాన్స్ నడిపారు. ఇంట్లో తెరముందు మొదలైన ప్రయాణం నాలుగేళ్లలో అగ్రశ్రేణి కారు దాకా చేరింది.

ఏం కొలుస్తారు

అర్హత పోటీలో ఒక్క మెరుపు ల్యాపు చూసి ఫ్యాక్టరీ జట్టు మురిసిపోదు. ఇంజనీర్లు చూసేది ఒక విడత మొత్తం సగటు. కొత్త టైర్లతో మొదటి ల్యాపుకూ, అరిగిన టైర్లతో ఇరవయ్యో ల్యాపుకూ తేడా ఎంత? ట్రాకు ఖాళీగా ఉన్నప్పుడు, గుంపు మధ్య చిక్కుకున్నప్పుడు తేడా ఎంత? నిర్ణయించిన ఇంధనంలోనే వేగం నిలబెట్టగలిగాడా? ఒకే మలుపు దగ్గర ప్రతి ల్యాపులోనూ బ్రేకు ఒకే చోట పడుతోందా? కారులోని సెన్సర్లు పంపే సమాచారం, అంటే టెలిమెట్రీ గీతలు, ఇవన్నీ బయటపెడతాయి.

ట్రాఫిక్‌లో నడపడం ఈ క్రీడకే ప్రత్యేకమైన విద్య. 2024 లె మాన్స్‌లో 62 కార్లు బరిలో ఉన్నాయి. హైపర్‌కారు ఒక ల్యాపును సుమారు మూడున్నర నిమిషాల్లో చుట్టేస్తే జీటీ కారుకు దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే నెమ్మది కార్లను రోజంతా దాటుతూనే ఉండాలి. దాటిన ప్రతిసారీ రెండు రకాల నష్టం పొంచి ఉంటుంది. తొందరపడితే కారు, తటపటాయిస్తే సమయం పోతుంది. ముందున్న కారులో కూర్చున్నది వృత్తి డ్రైవరా, అభిమాన డ్రైవరా అన్నది దాని కదలికను బట్టే పసిగట్టాలి. అవతలివాళ్లు తనను చూశారో లేదో ఊహించాలి.

రాత్రి డ్రైవింగు మరో గీటురాయి. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంలో హెడ్‌లైట్ల వెలుగు చేరినంత దూరమే లోకం. బ్రేకు వేసే గుర్తుగా పగలు పెట్టుకున్న చెట్టో, బోర్డో చీకట్లో కనిపించదు. 2018 లె మాన్స్‌లో టయోటా తరఫున నడిపిన ఫెర్నాండో అలోన్సో రాత్రి విడతలో ముందున్న సోదర కారుకు, తమకు మధ్య ఉన్న దూరాన్ని బాగా తగ్గించారు. చివరికి సెబాస్టియన్ బ్యూమి, కజుకి నకజిమాతో కలిసి ఆ పందెం గెలిచారు.

వేగానికీ నిలకడకూ మధ్య తూకం ఎంత కష్టమో 1983లో నూర్‌బర్గ్‌రింగ్ చూపించింది. పోర్షె ఫ్యాక్టరీ జట్టులోని జర్మన్ యువకుడు స్టెఫాన్ బెలోఫ్ అర్హత పోటీలో ఆ కొండదారి ట్రాకును 6 నిమిషాల 11.13 సెకన్లలో చుట్టారు. 2018లో పోర్షె 919 ప్రత్యేక కారు వచ్చేదాకా, 35 ఏళ్లపాటు, ఆ సమయాన్ని ఎవరూ దాటలేకపోయారు. కానీ మరునాడు పందెంలో ముందంజలో ఉండి కూడా వేగం తగ్గించక కారును నుజ్జు చేసుకున్నారు. సహ డ్రైవరు డెరెక్ బెల్ శ్రమ కూడా దాంతోపాటే పోయింది. అయినా పోర్షె బెలోఫ్‌ను వదులుకోలేదు. మరుసటి ఏడాది ఆనాటి ఎండ్యూరెన్స్ పోటీల్లో ఆయనే ప్రపంచ చాంపియన్ అయ్యారు. 1985లో బెల్జియంలోని స్పా పందెంలో ఓ ప్రైవేటు జట్టు పోర్షె నడుపుతూ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. తప్పు చేసిన కుర్రాడిలో పరిణతి వస్తుందా రాదా అని తూచడం ఎంపిక చేసేవాళ్ల పనుల్లో అన్నిటికంటే బరువైనది.

ముగ్గురి కూర్పు

మన పల్లెల్లో రైతు కాడికి ఎద్దులను జత చూసి కడతాడు. నడక కలవని ఎద్దు ఎంత బలమైనదైనా బండిని పక్కకే లాగుతుంది. ఫ్యాక్టరీ జట్టు ముగ్గురిని కలిపేటప్పుడు చూసేదీ నడకే.

మొదటిది శరీరం. పందేల కోసమే ప్రత్యేకంగా తయారయ్యే ప్రొటోటైపు కారులో సీటు ముందుకూ వెనక్కూ జరగదు. సాధారణంగా పొడవైన డ్రైవరుకు సరిపడేలా సీటు అమర్చి, మిగిలినవాళ్లకు ఒంటి అచ్చుతో తీసిన లోపలి మెత్తలు చేయిస్తారు. ముగ్గురి ఎత్తుల్లో తేడా ఎక్కువైతే చూపు, పెడల్ దూరం, స్టీరింగు ఎత్తు ఎవరో ఒకరికి అసౌకర్యంగానే ఉంటాయి.

డ్రైవర్లు మారే ఘట్టం చూస్తే ఈ కూర్పు ఎందుకో అర్థమవుతుంది. కారు పిట్‌లో ఆగీ ఆగకముందే తలుపు తెరుచుకుంటుంది. లోపలి మనిషి రేడియో తీగ, నీళ్ల గొట్టం ఊడదీసి, తన మెత్తను లాక్కుని, చెమటతో తడిసిన ఒంటితో బయటికి దూకుతాడు. కొత్త మనిషి తన మెత్తను లోపల పడేసి దాని మీద కూర్చుంటాడు. దిగినవాడు వెంటనే వెళ్లిపోడు. తలుపులోంచి లోపలికి వంగి, రాబోయేవాడి భుజాల మీదుగా బెల్టులు లాగి బిగిస్తాడు, తీగలు తగిలిస్తాడు, ఇరుకైన ఆ చోటులోనే బ్రేకుల సంగతో టైర్ల సంగతో ఒక ముక్క చెబుతాడు. మరొకరి ప్రాణాన్ని కాపాడే బెల్టును తన చేత్తో బిగించడంలో ఈ క్రీడ స్వభావమంతా ఉంది. ఆ క్షణాల్లో అలకకూ అసూయకూ తావుండకూడదు.

రెండోది కారు అమరిక. ఒకరికి మలుపులో వెనక భాగం కాస్త జారితే ఇష్టం, మరొకరికి ముందు భాగం గట్టిగా పట్టి ఉండాలి. 24 గంటల పందెంలో ఎవరి ఇష్టానికి వాళ్లకు కారు మార్చడం కుదరదు. బ్రేకు పంపిణీ లాంటివి స్టీరింగు మీది మీటలతో కొంత సవరించుకోవచ్చు. మిగిలినదంతా రాజీయే. తనకు నచ్చని అమరికలో సెకనులో చిన్న భాగం కోల్పోయినా, ముగ్గురి సగటు మెరుగుపడుతుందంటే సరేననే మనిషి కావాలి. తొమ్మిది సార్లు లె మాన్స్ గెలిచిన డెన్మార్క్ డ్రైవరు టామ్ క్రిస్టెన్సన్ ఒక్కసారి కూడా ఒంటరిగా గెలవలేదు. ప్రతి గెలుపులోనూ ఇద్దరు భాగస్వాములున్నారు.

మూడోది, ఎవరిని ఎప్పుడు దింపాలన్న వివేకం. 1977 లె మాన్స్‌లో పోర్షె 936 కార్లలో జాకీ ఇక్స్ నడుపుతున్నది మొదట్లోనే పాడైంది. నలభయ్యో స్థానం దాటి వెనకబడిపోయిన రెండో కారులోకి ఆయన మారి, రాత్రంతా వానలో, చీకట్లో నడిపి దాన్ని మొదటి స్థానానికి తెచ్చారు. చివరి గంటలో ఇంజనులో ఒక సిలిండరు పోయింది. మిగిలిన సిలిండర్లతో ఆఖరి ల్యాపులు నెమ్మదిగా పూర్తిచేయడానికి జట్టు ఎంచుకున్నది మహావేగి ఇక్స్‌ను కాదు, యంత్రం నాడి తెలిసిన యూర్గెన్ బార్త్‌ను. కారు గమ్యం చేరింది. హర్లీ హేవుడ్‌తో కలిపి ముగ్గురూ విజేతలయ్యారు.

ఒత్తిడిలో ఈ కూర్పు ఏం చేయగలదో 2011 లె మాన్స్‌లో ఆడి చూపించింది. మూడు కార్లలో రెండు భారీ ప్రమాదాల్లో తుక్కయ్యాయి. అదృష్టం కొద్దీ డ్రైవర్లు బతికి బయటపడ్డారు. మిగిలిన ఒక్క కారులో లాటరర్, ట్రెలుయే, మార్సెల్ ఫాస్లర్ ప్యూజో బలగాన్ని ఎదుర్కొని, 24 గంటల తర్వాత 13.854 సెకన్ల తేడాతో గెలిచారు. ముగ్గురిలో ఎవరు ఒక్క పొరపాటు చేసినా ఆ తేడా మిగిలేది కాదు.

పరీక్షలు

పేరు పరిశీలనలోకి వచ్చాక డ్రైవరును సాధారణంగా ముందు సిమ్యులేటర్‌లో కూర్చోబెడతారు. కారు అమరికలో చెప్పకుండా చిన్న మార్పు చేసి, దాన్ని పసిగట్టి మాటల్లో వివరించగలడా అని చూడటానికి ఇది మంచి చోటు. తర్వాత ట్రాకు పరీక్ష. అక్కడ ఫ్యాక్టరీ డ్రైవరు పెట్టిన సమయమే కొలబద్ద. డబ్ల్యూఈసీ సీజను చివర బహ్రెయిన్‌లో కొత్తవాళ్లకోసం ప్రత్యేక పరీక్ష కూడా జరుగుతుంది. లె మాన్స్‌కు మొదటిసారి వచ్చేవాళ్లు పందేనికి ముందు పరీక్ష రోజున కనీసం 10 ల్యాపులు పూర్తిచేయాలి. రాత్రి వేళ తప్పనిసరి ల్యాపులు వేరే ఉంటాయి.

మాట తీరు ఈ దశలో కీలకం. పందెం మధ్యలో రేడియోలో "కారు బాగాలేదు" అంటే ఇంజనీరుకు ఏమీ తెలియదు. "నాలుగో గేరు మలుపుల్లో, ఇంధనం తగ్గాక, ముందు కుడి టైరు పట్టు తప్పుతోంది" అంటే పని జరుగుతుంది. ముగ్గురూ ఒకే లక్షణాన్ని ఒకే మాటతో చెప్పడం నేర్చుకోవాలి.

శరీర దారుఢ్యం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1991లో మాజ్డా 787బీ చివరి విడత నడిపిన జానీ హెర్బర్ట్ విజేతగా కారు దిగీ దిగకముందే నీరసంతో కుప్పకూలారు. ఒంట్లో నీరు ఇంకిపోవడంతో పోడియం ఎక్కలేకపోయారు. సహచరులు వోల్కర్ వైడ్లర్, బెర్ట్రాండ్ గాషో ఆయన లేకుండానే పైకెక్కారు. జపాన్ సంస్థకు దక్కిన తొలి లె మాన్స్ గెలుపు అది. తిండి, నిద్ర, నీళ్లు చూసుకునే ఫిజియోలు ఇప్పుడు ప్రతి ఫ్యాక్టరీ జట్టులోనూ ఉంటారు.

ఫార్ములా 1 నుంచి వచ్చేవాళ్లు

పేరున్న ఫార్ములా 1 డ్రైవరు జట్టుకు వేగంతో పాటు ప్రచారం కూడా తెస్తారు. 2014లో మార్క్ వెబర్ ఫార్ములా 1 వదిలి పోర్షెలో చేరారు. 2015లో ఫార్ములా 1 ఆడుతూనే నికో హల్కెన్‌బర్గ్ పోర్షె మూడో కారులో స్పా, లె మాన్స్ పందేలు నడిపారు. ఆయన పక్కన బాంబర్, నిక్ టాండీ ఉన్నారు. అగ్రశ్రేణి కారులో ముగ్గురికీ అదే తొలి లె మాన్స్. అయినా సొంత జట్టులోని అనుభవజ్ఞుల కార్లను దాటి గెలిచారు.

దారి ఎదురు దిశలోనూ ఉంది. బ్రెండన్ హార్ట్‌లీ 2010లో రెడ్‌బుల్ యువ డ్రైవర్ల పథకం నుంచి చోటు కోల్పోయారు. పట్టు వదలక ఎండ్యూరెన్స్ వైపు తిరిగి, పోర్షెలో చేరి, 2015లో ప్రపంచ చాంపియన్, 2017లో లె మాన్స్ విజేత అయ్యారు. దాంతో రెడ్‌బుల్ సంస్థే ఆయన్ను టోరో రోసో ఫార్ములా 1 జట్టులోకి పిలిచింది. ఆ తర్వాత టయోటాలో అలోన్సో ఖాళీచేసిన సీటు ఆయనకే దక్కింది. ఒక చోట వద్దన్న డ్రైవరు మరో చోట నిధి కావచ్చు. ఆ తేడా కనిపెట్టడమే ఎంపిక చేసేవాళ్ల ప్రతిభ.

క్యాలెండరు చిక్కులు, రిజర్వు డ్రైవర్లు

చాలామంది డ్రైవర్లకు రెండు మూడు ఉద్యోగాలుంటాయి. 2024 మే 11న స్పాలో డబ్ల్యూఈసీ, బెర్లిన్‌లో ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందేలు ఒకేరోజు జరిగి, రెండింటిలోనూ ఒప్పందాలున్న డ్రైవర్లు ఒకదాన్ని వదులుకోవాల్సి వచ్చింది. అందుకే ఒప్పందం రాసేటప్పుడే ఏ పందేనికి మొదటి హక్కు ఎవరిదో తేల్చుకుంటారు. కొన్ని సంస్థలు సీజనంతా ఇద్దరితో నడిపి, లె మాన్స్‌కు మూడోవాడిని చేర్చుకుంటాయి. 2024లో కాడిలాక్ బాంబర్, అలెక్స్ లిన్ జోడీకి ఇండీకార్ చాంపియన్ అలెక్స్ పాలోను అలాగే జతచేసింది.

రిజర్వు ఎంపికను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2024 లె మాన్స్ ముందు టయోటా డ్రైవరు మైక్ కాన్వే సైకిల్ మీద వ్యాయామం చేస్తూ పడి గాయపడ్డారు. ఆ ఏడాదే ప్రధాన జట్టు నుంచి తప్పించి లెక్సస్ జీటీ కారుకు పంపిన హోసే మరియా లోపెజ్‌ను సంస్థ వెనక్కి పిలిచింది. ఆయన చేరిన కారు రెండో స్థానంలో నిలిచింది. సీటు పోయినా చేదు మిగలని మనిషి కావడం వల్లే ఆ పిలుపు పనికొచ్చింది. 1997లో జోయెస్ట్ జట్టు పందేనికి కొద్ది రోజుల ముందు పిలిచిన కుర్రాడే క్రిస్టెన్సన్. మొదటి లె మాన్స్‌లోనే మికేలె అల్బోరెటో, స్టెఫాన్ యోహాన్సన్‌లతో కలిసి గెలిచారు. ఆయన తొమ్మిది గెలుపుల కథ ఆ ఆఖరి నిమిషపు పిలుపుతోనే మొదలైంది.

మహిళా డ్రైవర్లు

శరీర బలం కంటే నిలకడ, తీర్పు ముఖ్యమైన ఈ క్రీడలో మహిళలకు ఫ్యాక్టరీ ద్వారాలు ఆలస్యంగా తెరుచుకున్నాయి. 2023లో ఫెరారీ ఫ్రెంచి డ్రైవరు లిలూ వాదూను తన అధికారిక జీటీ డ్రైవర్ల జాబితాలో చేర్చుకుంది. అదే ఏడాది బహ్రెయిన్‌లో శారా బోవీ, మిషెల్ గాటింగ్, రాహెల్ ఫ్రే నడిపిన ఐరన్ డేమ్స్ కారు తన తరగతిలో గెలిచింది. ముగ్గురూ మహిళలే ఉన్న జట్టు ప్రపంచ చాంపియన్‌షిప్ పందెంలో తన తరగతి గెలవడం చిన్న విషయం కాదు.

భారతీయులు, తెలుగు నేల

2009లో నరైన్ కార్తికేయన్ ఆడి ఆర్10 కారులో లె మాన్స్‌కు సిద్ధమయ్యారు. పందెం మొదలవడానికి ముందు పిట్ గోడ దగ్గర పడి భుజం జారడంతో కారెక్కలేకపోయారు. 2012లో చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ అగ్రశ్రేణి ఎల్ఎంపీ1 తరగతిలో జేఆర్ఎం జట్టు తరఫున నడిపి ఆరో స్థానం సాధించారు. 2019లో అర్జున్ మైనీ దాని కింది తరగతి ఎల్ఎంపీ2 కారులో ఇదే పందెంలో పాల్గొన్నారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్ అప్పట్లో ప్యూజో హైపర్‌కార్ డ్రైవరు కూడా. అదే పందెంలో నడిపిన బ్యూమి టయోటా డ్రైవరు. తెలియకుండానే హైదరాబాద్ జనం లె మాన్స్ ఫ్యాక్టరీ డ్రైవర్లను సచివాలయం పక్క రోడ్ల మీద చూశారు.

సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ సొంత జట్టుతో 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందేనికి వెళ్లారు. సాధనలో కారు ప్రమాదానికి గురయ్యాక, ప్రధాన కారు డ్రైవర్ల జాబితా నుంచి తానే తప్పుకున్నారు. ఆ కారు తన తరగతిలో మూడో స్థానం సాధించింది. అది ఫ్యాక్టరీ జట్టు కాదు. కానీ జట్టు మేలుకోసం యజమానే తన పేరు కొట్టేసుకోవడం డ్రైవర్ల ఎంపికలో అరుదైన నిజాయితీ.

కొత్తగా జట్టు కట్టడం

2024 డిసెంబరులో కొరియాకు చెందిన జెనెసిస్ 2026 నుంచి హైపర్‌కార్ తరగతిలో దిగుతున్నట్లు చెబుతూ ఇద్దరి పేర్లు ప్రకటించింది. ఒకరు మూడుసార్లు లె మాన్స్ విజేత లాటరర్, మరొకరు అమెరికా ఐఎంఎస్ఏ పోటీల్లో చాంపియన్ అయిన బ్రెజిల్ డ్రైవరు పీపో డెరానీ. దానితో పాటే జేమీ చాడ్విక్, మాతీస్ జోబెర్ వంటివాళ్లను 2025లో యూరోపియన్ లె మాన్స్ సిరీస్‌లో ఎల్ఎంపీ2 కారులో తర్ఫీదుకు పంపింది. అనుభవం, మరో ఖండపు గెలుపు అలవాటు, ఎదిగే వయసు మూడింటినీ ఒకేసారి నాటే పద్ధతి ఇది.

2025 లె మాన్స్ గెలిచిన పసుపు రంగు ఫెరారీని ఏఎఫ్ కోర్సె ప్రైవేటుగా నడిపింది. అందులో చైనాకు చెందిన ఫెరారీ ఫ్యాక్టరీ డ్రైవరు యీఫే యే, ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ హాన్సన్, పోలండ్‌కు చెందిన రాబర్ట్ కుబిత్సా ఉన్నారు. 2011లో ర్యాలీ ప్రమాదంలో కుబిత్సా కుడి చెయ్యి తీవ్రంగా దెబ్బతింది. ఆ చేత్తో ఇక నడపలేరని అనుకున్నవాళ్లు ఎందరో. 14 ఏళ్ల తర్వాత ఆయనే కారును గెలుపు గీత దాటించారు. కాగితం మీది వయసు, గాయాలు, రికార్డులు చూసి తేల్చేస్తే దొరకని మనుషులుంటారు. పక్కన కూర్చుని, మాట విని, రాత్రి వేళ స్టీరింగు ఇచ్చి చూస్తేనే వాళ్లు తెలుస్తారు.